మీగడ నేర్చిన నవ్వు

శనివారం వచ్చిందంటే చాలు, కాకినాడ గాంధీనగరంలోని ఆ మేడమెట్ల మీద చెప్పులు బారులు తీరేవి. కొత్తగా చూసేవాళ్లు పైన ఏదో పేరంటం జరుగుతోందనుకునేవారు. పేరంటమూ కాదు, పాడూ కాదు. పైనున్నది ముఖానికి రాసుకునే క్రీముల లేబొరేటరీ. బజారుకు వెళ్లకముందు ప్రతి క్రీమూ అక్కడ సాంపిలుగా పుట్టేది. దాన్ని ఉచితంగా రాయించుకుని, బాగుందో బాగోలేదో చెప్పి, కాఫీ తాగి వెళ్లడానికి చుట్టుపక్కల వీధుల ఆడవాళ్లు ఎప్పుడూ సిద్ధమే.

అక్కడిది సగం ముఖం పద్ధతి. ఒక బుగ్గకి కొత్త సాంపిలు, రెండో బుగ్గకి మామూలు క్రీము. ఏ బుగ్గకి ఏది రాశారో చచ్చినా చెప్పరు. వారం తిరిగాక వచ్చి, ఏ సగం బాగుందో వాళ్లే చెప్పాలి. "మా ఆయన వారమంతా నాకు కుడిపక్కనే కూర్చున్నారండీ, కొత్తది కుడిబుగ్గదే అయ్యుంటుంది" అని ఒకావిడ ప్రకటిస్తే గది గదంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ లేబొరేటరీ పెట్టింది వకుళ. ఇప్పుడు నడుపుతున్నది ఆమె ఆడపడుచు ఇందుమతి. కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుంటున్న ఇందుమతిని, "ఆ సుద్దముక్కలతో ఏం చేస్తావే, రా, నాతో గిన్నెలు కడుగుదువుగాని" అని లాక్కొచ్చింది వకుళే. నిరుడు వానాకాలంలో ఒక ఉదయం కాఫీ కలుపుతూ కలుపుతూ గుండె ఆగి ఒరిగిపోయింది మహాతల్లి. ఆ ఇంట్లో ఇక మిగిలింది ఇద్దరు. పోర్టులో ఇంజనీరుగా పనిచేసే అన్న శేషగిరి, ఇందుమతి.

వదిన గురించి చెప్పమంటే ఇందుమతికి పొద్దు తెలియదు. "ముందు మన ముఖం" అనేది వకుళ. ఏ సాంపిలైనా సరే, ముందు తను రాసుకుని, పగలూ రాత్రీ ఉంచుకుని, మంట లేదు, దురద లేదు అని తేలాకే ఇంకొకరి బుగ్గ మీద చెయ్యి వేసేది. ఒకసారి ఏదో నూనె పడక మూతి బూరెలా పొంగిపోయింది. ఆ మూతితోనే, "చూశావా, ఇది ఆ శనివారం పిల్లలకి వచ్చుంటే మన గతేమిటి?" అని సంబరపడింది. ముఖం వాచినందుకు సంబరపడే మనిషిని ఇందుమతి మళ్లీ చూడలేదు.

ఇక ఆ నవ్వు! ముందు ఎడమ పెదవి కొస ఒక్కటే పైకి లేచేది. కాసేపటికి ముక్కు ముడతలు పడేది. ఆ తర్వాత కళ్లు మూసుకుపోయేవి. అన్నిటికన్నా చివర శబ్దం వచ్చేది. "నీ నవ్వు వాయిదాల మీద వస్తుంది వదినా" అని ఇందుమతి ఏడిపించేది. "నీదో? పెళ్లి ఊరేగింపులో బ్యాండుమేళం. వీధి చివర మొదలై మన ఇంటి మీదికొస్తుంది" అని వకుళ తిప్పికొట్టేది. వాళ్లిద్దరూ అలా కీచులాడుకుంటూంటే శేషగిరి పేపరు అడ్డం పెట్టుకుని లోపల్లోపల నవ్వుకునేవాడు.

వకుళ కనిపెట్టిన వాటన్నిటిలోకీ గొప్పది మీగడ. దానికి శాస్త్రీయమైన పేరొకటి పెద్దదే ఉంది గాని, పాలమీద కట్టిన పొరలా ఉంటుంది కాబట్టి అందరూ మీగడే అనేవారు. కంటికి కనపడని జీవాలు గంజిలో పెరుగుతూ, సాలెపోగు కంటే సన్నని దారాలు అల్లుతాయి. ఆ అల్లికే మీగడ. ఒకరోజు వకుళ దాన్ని తన చూపుడువేలికి పూసుకుని, మధ్యాహ్నమంతా వేలు ముడుస్తూ చాస్తూ కూర్చుంది. సాయంత్రం ఆ పొరని ఊడదీసి చిన్న అరిటాకు ముక్క మీద పరిచింది. ఆకు ముక్క అచ్చం వేలులాగే ముడుచుకుంది. మళ్లీ చాచుకుంది.

"అమ్మో! దయ్యం పట్టిందే దీనికి!" అని ఇందుమతి కుర్చీ ఎక్కేసింది.

"దయ్యం కాదే మొద్దూ, జ్ఞాపకం. కండరం ఎటు లాగితే దారాలు అటు సాగుతాయి. ఆ దారి గుర్తుపెట్టుకుంటాయి. తర్వాత తామే లాగుతాయి" అంది వకుళ. పెదవి కొస అప్పటికే పైకి లేచి ఉంది.

శనివారం ఆడవాళ్లకి మీగడ ఒక పండగ. కాసేపు పూయించుకుని కడిగేసుకుంటే సడలిన ముఖం బిగువెక్కేది, నవ్వులో ఏదో తెలియని అందం వచ్చేది. మర్నాటికి ఆ అందం కరిగిపోయేది. ఎవరి కండరాలు వాళ్ల పాత అలవాటుకి వెళ్లిపోయేవి. కొత్త మీగడ కావాలంటే పెరుగు తోడుపెట్టినట్టే, పాతదాంట్లోంచి కొంచెం తీసి గంజిలో కలపడమే. ఆ తోడు కూడా వకుళ ముఖం మీదిదే. రాత్రంతా తను ఉంచుకున్న పొరని పొద్దున్నే చెంచాతో గీకి, కడిగి, మళ్లీ గిన్నెలో కలిపేసేది. "ముఖం చూసిన మీగడే గట్టిగా తోడుకుంటుంది. పైగా పారేయడానికి చేతులెలా వస్తాయే?" అనేది. ఆమె పోయాక ఇందుమతీ అదే చేసింది. రోజూ రాసుకుంది, రోజూ గీకి గిన్నెలో కలిపింది. వదిన చేసిన పని ఒక్కటి కూడా తప్పకూడదని ఆమె పంతం.

వేసవి మొదట్లో డాక్టర్ సలీం ఒక తల్లినీ బిడ్డనీ వెంటబెట్టుకొచ్చాడు. ఆయన నరాల వైద్యుడు, వకుళ బతికున్నప్పటి నుంచీ మీగడ మీద కన్నేసినవాడు. తల్లి పేరు నూకరత్నం, ఉప్పాడలో చేపల వేలంపాటల దగ్గర పనిచేస్తుంది. కూతురు లోవకుమారి మూడో తరగతి. జ్వరం వచ్చి తగ్గింది గాని, పోతూ పోతూ పిల్ల ఎడమ సగం ముఖాన్ని పట్టుకుపోయింది. ఎడమ కన్ను సరిగా మూతపడదు, ఎడమ పెదవి కదలదు. కుడి సగం మాత్రం చలాకీగా ఉంది. సంతోషం వస్తే పెదవులు గట్టిగా బిగించి, బుగ్గలో సొట్ట పెట్టి, కనుబొమ్మ ఎగరేస్తుంది. ఆ సంతోషం ముక్కు దగ్గరికొచ్చి ఆగిపోతుంది.

"నరం మళ్లీ చిగురిస్తోంది మేడమ్. కానీ ఈలోగా కండరం పని మరిచిపోతోంది. వర్షాలు పడేలోగా దానికి ఎవరో ఒకరు మళ్లీ నేర్పాలి. ఆ తర్వాత ఎవరు నేర్పినా నేర్చుకోదు" అన్నాడు సలీం.

"ఊళ్లో ఎవుర్నైనా సరే దింపేసేదండి ఇది" అంది నూకరత్నం. "పాట పాడే పెద్దాయన్ని, హెడ్మాస్టరుగార్ని, మా అత్తని. ఒక్కసారి సూత్తే చాలండి, అదే నడక, అదే మూతి. ఇప్పుడు ఎవురైనా అడిగితే కొంగులో ముఖం దాసుకుంటంది." చెబుతూ చెబుతూ ఆమే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇందుమతి ముందు తను రాసుకుంది. మర్నాడు పిల్ల ఎడమబుగ్గకి రాసింది. నూకరత్నం పాటలు ముగించుకుని, చేతులకి రెండుసార్లు సబ్బు రుద్దుకుని, రోజూ ఉప్పాడ బస్సులో పిల్లని తెచ్చేది. తెల్లవారకముందే లేచి ఒడ్డున నిలబడే మనిషి. ఒక్కరోజు మానలేదు, ఒక్కరోజు విసుక్కోలేదు.

వేసవి సగం గడిచేసరికి కన్ను మూతపడసాగింది. ఒకనాడు ఇందుమతి అద్దం తుడుస్తూ అది కాస్తా కాలిమీద పడేసుకుని ఒంటికాలి మీద గెంతింది. అది చూసి లోవకుమారి నవ్వింది. ఎడమవైపు కూడా నవ్వింది!

"నవ్విందండీ! మేడంగారూ, నా పిల్ల నవ్విందండీ!" నూకరత్నం పరుగున వచ్చి పిల్ల ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. ముద్దులు పెట్టింది. ఆ తర్వాత చేతులు అలాగే ఉండిపోయాయి. చాలాసేపు చూసి, మెల్లిగా అంది. "కానండీ... ఇది మా పిల్ల నవ్వు కాదండీ."

ఇందుమతి ఒంటికాలితోనే దగ్గరికి వచ్చింది. "ఏదీ, మళ్లీ నవ్వు లోవా."

కుడిసగం పెదవి బిగించి సొట్ట పెట్టింది. ఎడమసగంలో ముందు పెదవి కొస పైకి లేచింది. కాసేపటికి ముక్కు ఆ ఒక్కవైపే ముడత పడింది. ఆ తర్వాత కన్ను మూసుకుంది. వాయిదాల మీద.

సగం ముఖంలో పిల్ల, సగం ముఖంలో వకుళ. ఇందుమతి గోడకానుకుని నిలబడిపోయింది. చనిపోయిన మనిషిని చూసిన ఆనందం ముందొచ్చింది, దాన్ని తోసుకుంటూ సిగ్గు వచ్చింది. ముఖం చూసిన మీగడే గట్టిగా తోడుకుంటుంది! ఇన్నేళ్లూ ప్రతి తోడుతోనూ ఆ నవ్వు గిన్నెలోంచి గిన్నెలోకి నడిచి వచ్చింది. మంచి ముఖాల మీద ఒక పూటలో చెరిగిపోయింది. ఏమీ రాయని పలకలా ఉన్న ఈ పిల్ల బుగ్గ మీద మాత్రం దిద్దుకుని కూర్చుంది.

లోవకుమారి అద్దం ముందు నిలబడి తన ఎడమసగాన్ని వేలితో తాకి చూసుకుంది. "ఈ నవ్వు ఎవరిదండీ?" అని అడిగింది.

ఇందుమతి గబగబా మీగడ గిన్నెకి మూతపెట్టింది.

"పోనీలెండి మేడంగారూ" అంది నూకరత్నం. "ఏదో ఒక నవ్వు, రావడమే గొప్ప. ఉండనివ్వండి. ఎవురిదైనా గాని మంచామిదే అయ్యుంటది, సూత్తే తెలుత్తంది." ఆ మాటతో ఇందుమతికి ఏడుపు ఆగలేదు.

వాళ్లు వెళ్లాక ఆమె కూడా అద్దం ముందుకు వెళ్లింది. ఏదైనా నవ్వొచ్చే సంగతి తలుచుకుందామని, వకుళ బూరెమూతి తలుచుకుంది. ఎడమ పెదవి కొస లేచింది. ముక్కు ముడతపడింది. ఆ బ్యాండుమేళం ఎంత వెతికినా దొరకలేదు. నిరుటి నుంచీ రోజూ రాత్రంతా రాసుకుంటోంది మరి.

ఆ సాయంత్రం శేషగిరి వంకాయకూర వండాడు. కంచం ముందు కూర్చుని ఆమె అడిగింది. "అన్నయ్యా, నా ముఖం చూసి చెప్పు. నా నవ్వు ఎవరిదిలా ఉంది?"

శేషగిరి కంచంలోకే చూస్తూ, "నాకెప్పుడో తెలుసు" అన్నాడు.

"తెలిస్తే చెప్పొద్దా?"

"చెబితే కడిగేస్తావని."

ఈమధ్య అన్నయ్య ఎదురుగా కూర్చోవడం మానేసి పక్కన కూర్చుంటున్నాడెందుకో ఆమెకిప్పుడు అర్థమైంది. ఒక్కోరోజు మాత్రం ఏదో వంకతో ఎదురుగా కూర్చుని, ఆమెను నవ్వించాలని పాతజోకులన్నీ వేసేవాడు.

ఇందుమతి సంగతంతా చెప్పింది. పిల్లకి పిల్ల నవ్వు రావాలంటే ఏ ముఖమూ తెలియని మీగడ కావాలి. ముఖం చూపించకుండా చల్లని చోట ఆకలితో ఉంచితే దారాలు వదులై అన్నీ మరిచిపోతాయి. "అన్ని గిన్నెలూ అలా చేస్తాను. ఒక్కటి మాత్రం మనింట్లో ఉంచుకుందాం అన్నయ్యా. నేను రాసుకుంటూ ఉంటేనే అది బతుకుతుంది. రాసుకుంటాను. నాకేం కష్టం? వదిన నవ్వు నా ముఖం మీద ఉంటే నాకు గొప్పే."

శేషగిరి చెయ్యి కడుక్కుని వచ్చి, ఈసారి ఎదురుగా కూర్చున్నాడు.

"వద్దు ఇందూ. మీ వదిన పోయింది, ఏడ్చాను. పదిమందీ వచ్చి ఓదార్చారు. నువ్వు ఇంట్లోనే ఉండి, కళ్లముందే తిరుగుతూ, కొంచెం కొంచెంగా పోతున్నావు. దానికి నేనెవరి దగ్గర ఏడవను? ఆవిడ నవ్వు చూసినప్పుడల్లా దొంగలా సంతోషపడ్డాను. ఆ తర్వాత నా చెల్లెలి నవ్వు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే గుర్తు రాలేదే! కడిగేసుకో అమ్మా."

అంత పొడుగుమాట అన్నయ్య నోట ఆమె ఎన్నడూ వినలేదు. కళ్లు తుడుచుకుని లేచి వెళ్లి ముఖం కడుక్కుంది. మర్నాడు గిన్నెలన్నీ మూతపెట్టి చల్లపెట్టెలో సర్దింది. చివరి గిన్నె దగ్గర చెయ్యి ఆగింది. మూత తీసి, ఆ తెల్లని పొరకేసి చూసి, "వెళ్లొస్తావా వదినా" అంది. ఏమంటుంది మీగడ? ఇందుమతి మూతపెట్టేసింది.

గిన్నెలు మరిచిపోయేలోగా తొలకరి వచ్చేస్తుందేమోనని ఆమెకు ఒకటే బెంగ. మబ్బు కనిపిస్తే చాలు చల్లపెట్టె దగ్గరికి పరుగెత్తేది. పిల్ల ఎడమబుగ్గ మళ్లీ కొంచెం జారింది. నూకరత్నం మాత్రం, "మీరు కంగారు పడకండి మేడంగారూ, సముద్రం దగ్గరోళ్లం, మబ్బు మాకు తెలుసు" అని ఎదురు ధైర్యం చెప్పేది. చివరికి ఒక గిన్నెలోది తీసి అరిటాకు ముక్క మీద పరిస్తే ఆకు కదలలేదు, మెదలలేదు. మీగడ అన్నీ మరిచిపోయింది.

ముందు మన ముఖం. ఆ నియమం ఇందుమతి తప్పలేదు, తప్పితే వకుళ కలలోకొచ్చి చెవి మెలిపెట్టేది. కొంచెం వేరుగా తీసి తను రాసుకుంది. మంట లేదు, దురద లేదు. పొద్దున్నే పొరని గీకింది. చెంచా అలవాటుగా గిన్నె మీదికి పోయింది. ఆపి, ఆ చెంచాడూ మరిగే నీళ్లలో పారేసింది. వదిన చూసి ఉంటే, "ఎంత దుబారా మనిషివే!" అనేది. ఆ తర్వాత పెదవి కొస పైకి లేపి, "అయినా మంచిపనే చేశావులే" అనేది. తను తప్పు చేస్తే పదిమందిలో ఒప్పుకుని, దిద్దినవాళ్లకి కాఫీ ఇచ్చే మనిషి వకుళ. ఇందుమతికి ఆ సంగతి రూఢిగా తెలుసు.

ఈసారి మీగడని పిల్ల ఎడమబుగ్గకి రాయలేదు. బాగున్న కుడిబుగ్గకి రాసి, "ఇక నీ ఇష్టమొచ్చినంత నవ్వు" అంది. శనివారం ఆడవాళ్లంతా కూర్చుని పిల్లని నవ్వించారు. కుడిపక్కన కూర్చునే మొగుడిగారి కథ మళ్లీ చెప్పించారు. సాయంత్రం ఇందుమతి ఆ పొరని నెమ్మదిగా ఊడదీసి, చొక్కా తిరగేసినట్టు తిరగేసి, ఎడమబుగ్గ మీద పరిచింది. కుడిసగం నేర్చుకున్నది ఎడమసగానికి చెబుతోందన్నమాట. అలా రోజూ. ఒక బుగ్గ పాఠం, ఒక బుగ్గ అప్పజెప్పడం.

మొదటి వాన పడిన రోజున నూకరత్నం కొంగు నెత్తిన వేసుకుని, పెద్ద పండుగప్ప చేపని సంచిలో వేసుకుని మెట్లెక్కి వచ్చింది. ఆదివారం కావడంతో శేషగిరి కూడా అక్కడే ఉన్నాడు, కారుతున్న కిటికీకి అట్టముక్క అడ్డం పెడుతూ.

"సూపించవే" అంది తల్లి.

లోవకుమారి అందరికేసీ చూసింది. పెదవులు బిగించింది. రెండు బుగ్గల్లోనూ సొట్టలు పడ్డాయి. రెండు కనుబొమ్మలూ ఎగిరాయి. ఎక్కడా ఆగని, ముక్కు దాటి అటు చివరిదాకా వెళ్లిన నవ్వు. నూకరత్నం పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ నవ్వు ఎవరిదని ఎవరూ అడగనక్కరలేదు.

"ఇంకోటి కూడా వచ్చండి నాకు" అంది లోవకుమారి. "అప్పుడొచ్చిందే, అది. పోయిందనుకున్నారా? సూసి నేర్సేసుకున్నానండి అద్దంలో. ఇదిగో."

పిల్ల నడుమ్మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ముందు ఎడమ పెదవి కొస ఒక్కటే పైకి లేచింది. కాసేపు ఆగి ముక్కు ముడతపడింది. ఆ తర్వాత రెండు కళ్లూ మూసుకుపోయాయి. అన్నిటికన్నా చివర, ఖణీమని శబ్దం వచ్చింది.

శేషగిరి చేతిలో అట్టముక్క జారిపోయింది. వానజల్లు ముఖాన కొడుతున్నా పక్కకి జరగలేదు. ఆ పిల్లకి వకుళ ఎవరో తెలియదు, చూసింది లేదు. అయినా ఎంత అచ్చంగా దింపింది!

"ఇందూ" అన్నాడు. "వాయిదాలు కూడా తప్పలేదే!"

ఆ మాటకి ఇందుమతికి లోపలెక్కడో ఏదో కదిలింది. ఆపుకుందామనుకుంది గాని ఆగలేదు. కడుపులో మొదలై, గొంతులోకి ఎక్కి, చిగుళ్లన్నీ బయటపెట్టి, భళ్లున బయటికొచ్చింది. కింద వీధిలో వానకి తలదాచుకున్నవాళ్లు తలెత్తి చూశారు. పండుగప్ప సంచి పట్టుకుని నూకరత్నం అదిరిపడింది.

శేషగిరి చెల్లెలి ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, వానవి కాదు.

"వచ్చావటే" అన్నాడు. "ఎక్కడికి పోయావే ఇన్నాళ్లూ?"

లోవకుమారి ఇందుమతి ముఖాన్ని కళ్లార్పకుండా చూసింది. ఒక్కసారి చూస్తే చాలు ఆ పిల్లకి. నోరు పెద్దగా తెరిచి, చిగుళ్లు బయటపెట్టి, ఆ బ్యాండుమేళం కూడా దింపడం మొదలుపెట్టింది.